మోర్ సాల్ట్ రంగు మారిందా? ముందు నీళ్లు చూడండి

ఇంటర్ ప్రాక్టికల్స్ దగ్గరపడితే నల్లగొండ వైపు కాలేజీ ల్యాబుల్లో తరచూ వినపడే మాట: "సార్, మోర్ సాల్ట్ ద్రావణం లేత ఆకుపచ్చగా ఉండాలి కదా, పసుపుగా అయింది." మోర్ సాల్ట్ అంటే ఫెర్రస్ అమోనియం సల్ఫేట్, ఇనుము ఉన్న లవణం. ఇంకాసేపు వదిలేస్తే అడుగున తుప్పు రంగు మడ్డి కూడా దిగుతుంది.

చాలామంది సాల్ట్ పాతదని పారబోస్తారు. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది నీళ్లను. డిస్టిల్డ్ వాటర్ అయిపోగానే ఎవరో ఒకరు బోరు నీళ్లు పట్టేస్తారు. మన బోర్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, కానీ ఇక్కడ దెబ్బ కొట్టేది బైకార్బనేట్. అది ఆమ్లత్వాన్ని తగ్గిస్తుంది. అలాంటి నీళ్లలో ఫెర్రస్ ఐరన్ (Fe²⁺) గాలికి త్వరగా ఆక్సీకరణ చెంది ఫెర్రిక్‌గా (Fe³⁺) మారి హైడ్రాక్సైడ్ మడ్డిగా దిగుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లూ వద్దు. శుద్ధి చేసినప్పుడు మిగిలిన క్లోరిన్ ఫెర్రస్‌ను ఆక్సీకరిస్తుంది.

0.05 మోలార్ ద్రావణం 100 మి.లీ. కావాలంటే 1.96 గ్రాముల సాల్ట్ తూచండి. సగం డిస్టిల్డ్ వాటర్‌లో ముందుగా కొద్దిగా సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలపండి, సాల్ట్ ఆ తర్వాతే. వేడి చేయొద్దు. ఏ రోజుది ఆ రోజే చేసుకోవాలి. అనుమానముంటే కొంచెం పరీక్షనాళికలో తీసి అమోనియం థయోసయనేట్ చుక్క వేయండి. ముదురు ఎరుపు వచ్చిందంటే ఫెర్రిక్ చేరినట్టే. బోరు నీళ్లతో చేసిన ద్రావణంలో ఆ ఎరుపు కాస్త తగ్గి కనపడొచ్చు, ఎందుకంటే ఫ్లోరైడ్ ఫెర్రిక్‌ను పట్టేసుకుంటుంది.

పొటాషియం పర్మాంగనేట్‌తో టైట్రేషన్‌లో (బ్యూరెట్‌తో కొలిచి కలిపే పరీక్షలో) చివర గులాబీ రంగు బదులు గోధుమ రంగు వస్తే కోనికల్ ఫ్లాస్క్‌లో ఆమ్లం చాలలేదు, మాంగనీస్ డయాక్సైడ్ ఏర్పడింది. ఇంకో ఫ్లాస్క్ తీసుకుని ఆమ్లం పెంచి మళ్లీ చేయండి. 0.01 మోలార్ పర్మాంగనేట్‌కు 10 మి.లీ. మోర్ సాల్ట్ దగ్గర రీడింగ్ 10 మి.లీ. రావాలి. బాగా ఎక్కువ వస్తే సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ పోశారేమో సీసా చూడండి. పర్మాంగనేట్ క్లోరైడ్ మీద కూడా ఖర్చవుతుంది. తక్కువ వస్తే ఫెర్రస్ కొంత ముందే మారిపోయింది. టెన్షన్‌లో బ్యూరెట్‌లో ద్రవం వంపు కింది అంచు వెతకొద్దు, ముదురు రంగు కాబట్టి పై అంచే చదవాలి.

నైట్రేట్ ఉందో లేదో చూసే పరీక్షలో బ్రౌన్ రింగ్ (గోధుమ రంగు వలయం) రాకపోతే ఫెర్రస్ సల్ఫేట్ పాతదై ఉంటుంది, లేదా గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం పోశాక నాళికను కుదిపి ఉంటారు. ఆ వేడికి రింగు చెదిరిపోతుంది. తాజా ద్రావణం కలిపి, నాళికను వంచి, గోడ వెంట ఆమ్లం నెమ్మదిగా జార్చండి. గాఢ ఆమ్లం దాకా పోకముందే ద్రావణమంతా గోధుమ రంగైతే మాత్రం నైట్రైట్ ఉందేమో పరీక్షించండి.