చిన్న ట్రాక్టర్ బకెట్‌కి పళ్ల పట్టీ బిగించడం

మా కనిగిరి వైపు ఎర్ర నేల ఎండాకాలంలో రాయిలా బిగుసుకుపోతుంది. ట్రాక్టర్ ముందు మట్టి ఎత్తడానికి ఉండే, నున్నటి అంచున్న లోడర్ బకెట్ దాని మీద జారుతుందే గానీ దిగదు. ఇక చిల్లకంప మొదళ్ల సంగతి సరేసరి. అందుకే బకెట్ అంచుకి బిగించే, ఇనప పళ్లున్న పట్టీ, అదే టూత్ బార్, వేయించాను.

పట్టీ పొడవుకి కొలత బకెట్ బయట కాదు, లోపల తీయాలి, అదీ అంచు దగ్గరే. నేను మొదటిసారి బయట కొలిచి వెల్డింగ్ షాపులో చెప్పాను. పట్టీ లోపలికి పట్టలేదు, మళ్లీ కోయించాల్సి వచ్చింది.

బకెట్‌ని చెక్క దిమ్మెల మీదకి దించి, ఇంజిన్ ఆపి, బ్రేక్ లాక్ చేయండి. పట్టీని సుత్తితో తట్టి అంచుకి పూర్తిగా ఆనించండి. ఇక్కడ తొందరపడొద్దు. సందు మిగిలితే తవ్వేటప్పుడు బరువంతా బోల్టుల మీదే పడుతుంది. క్లాంపుతో పట్టించి, పట్టీ బెజ్జాల్లోంచి పక్క రేకుల మీద గుర్తు పెట్టండి. ముందు 5 మి.మీ. బిట్‌తో, తర్వాత బోల్టు సైజు బిట్‌తో, నూనె చుక్కలేస్తూ నెమ్మదిగా డ్రిల్ చేయండి. బోల్టు, వాషర్, లాక్ నట్టు, అంతే.

రెండు గంటలు పని చేశాక మళ్లీ ఒకసారి బిగించండి. కళ్లం చదును చేసేటప్పుడు మాత్రం విప్పేయండి, లేకపోతే పళ్లు నేలంతా గీరేస్తాయి.