ఆకలి లేకుండానే స్వీటు డబ్బా తెరిచే అలవాటు నాకెలా తగ్గిందంటే

రాత్రి భోజనమై గంట దాటి, కడుపు నిండుగా ఉన్నా, లాప్‌టాప్ మూయగానే నా చెయ్యి స్వీటు డబ్బా మీదకే పోయేది. ఒక్కటే అనుకుంటూ మూడోది కూడా నోట్లో వేసుకునేవాణ్ణి.

మొదట పూర్తిగా మానేశాను. నాలుగో రోజు రెట్టింపు తిన్నాను! పంతాలు నాకు పనికిరావని అర్థమైంది.

తర్వాత ఒక వారం, డబ్బా తెరిచే ముందు టైము, అప్పటి మూడ్ కాగితం మీద రాశాను. దాదాపు అన్నీ ఆఫీసు టెన్షన్ ఉన్న రాత్రులే. ప్యాకెట్ వెనక చూస్తే మూడింటికి 36 గ్రాముల చక్కెర, అంటే సుమారు తొమ్మిది టీస్పూన్లు. పెద్దవాళ్లకు రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. పండ్లు, పాలలో సహజంగా ఉండేది ఈ లెక్కలోకి రాదు.

డబ్బాను స్టూలు వేసుకుంటే తప్ప అందని పై అరలో పెట్టాను. నవ్వుకోకండి, అన్నిటికన్నా అదే బాగా పనిచేసింది. స్టూలు లాగేటప్పుడు, ‘ఇప్పుడు భోజనం పెడితే తింటానా?’ అని నన్ను నేనే అడుగుతాను. తినననిపిస్తే అది ఆకలి కాదు. లాప్‌టాప్ మూయగానే పళ్లు తోముకుని, పది నిమిషాలు నడుస్తాను.

రెండు నెలలైంది. ఇప్పుడు వారానికి రెండుసార్లు, ప్లేటులో ఒకటి పెట్టుకుని కూర్చుని తింటున్నాను. మొన్న మాత్రం రెండు తిన్నాను.