జెరెమియా జాన్సన్ ఎలా చూడాలి: మొదటిసారి చూసేవాళ్ళకి

గడ్డం మనిషి ఒకాయన మెల్లగా నవ్వుతూ తల ఊపే గిఫ్ ఒకటి ఉంటుంది చూడండి, గ్రూపుల్లో ఎవరన్నా మంచి మాట చెప్తే పెడుతుంటారు, అది కామెడీ నటుడు జాక్ గాలిఫియనాకిస్ అని చాలామంది అనుకుంటారు కానీ ఆయన హాలీవుడ్ హీరో రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, ఆ షాట్ 1972లో వచ్చిన జెరెమియా జాన్సన్ అనే సినిమాలోది. 2025 సెప్టెంబర్‌లో రెడ్‌ఫోర్డ్ పోయినప్పుడు నా ఫ్రెండ్స్ ఇద్దరు ముగ్గురు ఈ సినిమా పెట్టుకుని అరగంటకే ఆపేశారు, ఏమీ జరగట్లేదు రా, మంచులో నడుస్తున్నాడు అంతే అన్నారు. నాకు నిజంగా బాధేసింది. నేను ఇప్పటికి ఐదారు సార్లు చూసుంటా, మొదటిసారి నాకూ సగమే అర్థమైంది, ఏం చూడాలో ఎవరన్నా ముందే చెప్పుంటే బాగుండేది అనిపించింది, అందుకే ఇది రాస్తున్నా.

ముందే చెప్తున్నా, కథ మొత్తం చెప్పేస్తా. తెలిసి చూసినా ఈ సినిమాకి నష్టం లేదు. అయినా వద్దు అనుకుంటే ఇక్కడ ఆపేసి సినిమా చూసొచ్చి చదవండి.

చూడబోయే ముందు ఒక ఐదు నిమిషాలు ఈ చరిత్ర తెలుసుకోండి, ఎందుకంటే సినిమా దీని గురించి ఒక్క ముక్క చెప్పదు. యూరప్‌లో, అమెరికా తూర్పు ఊళ్ళలో పెద్దమనుషులు పెట్టుకునే టోపీలు బీవర్ అనే జంతువు బొచ్చుతో చేసేవాళ్ళు, ఆ తోళ్ళ కోసం 1820ల నుంచి కుర్రాళ్ళు రాకీ పర్వతాల్లోకి వెళ్ళి చలికి గడ్డకట్టే వాగుల్లో మోకాలి లోతు నీళ్ళలో దిగి ఇనప ఉచ్చులు పెట్టేవాళ్ళు, వీళ్ళనే మౌంటెన్ మెన్ అంటారు. 1825 నుంచి 1840 దాకా ఏటా వేసవిలో ఒక చోట కలిసి తోళ్ళు అమ్ముకుని మందు, పొగాకు, తుపాకీ మందు కొనుక్కునేవాళ్ళు, దాన్ని రాండెవూ అంటారు, మన జాతర లాగే ఉండేది. తర్వాత పట్టు టోపీల ఫ్యాషన్ వచ్చింది, బీవర్లూ తగ్గిపోయాయి, 1840తో ఆ జాతర ఆగిపోయింది. రెవెనెంట్ సినిమా చూసినవాళ్ళకి తెలిసిన హ్యూ గ్లాస్‌ని ఎలుగుబంటి చీరేసింది 1823లో, అంటే ఆ వ్యాపారం ఊపందుకుంటున్న రోజుల్లో. మన సినిమా హీరో జాన్సన్ 1846-48 మెక్సికో యుద్ధంలో సైనికుడిగా చేసి వచ్చినవాడు, అంటే జాతర అయిపోయి గుడారాలు పీకేశాక వచ్చాడన్నమాట. ఇది మనసులో పెట్టుకుంటే ఆ కొండలు అంత ఖాళీగా ఎందుకుంటాయో, దొరికిన మౌంటెన్ మెన్ అందరూ ముసలోళ్ళో పిచ్చోళ్ళో ఎందుకై ఉంటారో అర్థమవుతుంది.

చూసే పద్ధతి గురించి. ఫోన్‌లో వద్దు, ప్లీజ్. టీవీలోనో, కనీసం లాప్‌టాప్‌లోనో, రాత్రి లైట్లు తీసేసి చూడండి, ఎందుకంటే చాలా షాట్లలో మనిషి చీమంత ఉంటాడు, కొండే స్క్రీన్ అంతా ఉంటుంది, ఆ తేడా చిన్న స్క్రీన్‌లో చచ్చిపోతుంది. మొదట్లో ఓవర్చర్ అని మ్యూజిక్ వస్తుంది, స్కిప్ చెయ్యొద్దు. మధ్యలో మన సినిమాల్లాగే ఇంటర్వెల్ కార్డు పడుతుంది, అక్కడ లేచి టీ పెట్టుకోండి, మిగతా టైంలో లేవకండి, మొత్తం రెండు గంటల లోపే. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ కచ్చితంగా ఆన్ చేసుకోండి, ఆ యాస మనకి చెవికి అందదు. ఒక మాట మాత్రం గుర్తుపెట్టుకోండి, బేర్ క్లా అనే ముసలాయన జాన్సన్‌ని పిల్‌గ్రిమ్ అని పిలుస్తుంటాడు, డిక్షనరీలో చూస్తే యాత్రికుడు అని వస్తుంది, ఇక్కడ అర్థం అది కాదు, కొండలకి కొత్తగా వచ్చినోడు, ఇంకా పని రానోడు అని. సినిమా చివర్లో కూడా ఆ మాట వస్తుంది, అప్పుడు దాని బరువు వేరేగా ఉంటుంది.

ఇక అసలు విషయం. ఇది ప్రతీకారం సినిమా అనుకుని కూర్చుంటే మొదటి గంట బోర్ కొడుతుంది. పని నేర్చుకునే మనిషి సినిమా అనుకుని అతని చేతులు చూస్తూ కూర్చోండి. మొదట్లో అతనికి ఏదీ చేతకాదు. వాగులో చేత్తో చేపలు పట్టబోయి తడిసి ముద్దవుతాడు, పైన గుర్రం మీద క్రో అనే అమెరికా ఆదివాసీ తెగ వీరుడు ఒకడు, పేరు పెయింట్స్ హిజ్ షర్ట్ రెడ్, తను పట్టిన చేపలతో నిలబడి మాట్లాడకుండా చూసి వెళ్ళిపోతాడు. (ఈ మనిషి ముఖం బాగా గుర్తుపెట్టుకోండి.) మంచు పేరుకున్న చెట్టు కింద మంట వేస్తాడు, వేడికి కొమ్మ మీద మంచు కరిగి దభీమని మంట మీద పడి ఆరిపోతుంది. ఆకలికి, చలికి చచ్చిపోతాడేమో అన్న దశలో ఇందాక చెప్పిన ముసలాయన బేర్ క్లా దొరుకుతాడు, విల్ గీర్ వేశాడు ఆ పాత్ర, నాకైతే రెడ్‌ఫోర్డ్ కన్నా ఈయనే ఎక్కువ నచ్చాడు. గ్రిజ్లీ ఎలుగుబంట్లని వేటాడటమే ఆయన బతుకు, ఒకసారి బతికున్న ఎలుగుబంటిని తరుముకుంటూ తెచ్చి జాన్సన్ ఉన్న గుడిసెలోకి తోలి, నువ్వు దీని తోలు ఒలువు, నేను ఇంకోటి తెస్తా అన్నట్టు వెనక కిటికీలోంచి దూకేస్తాడు.

ఆయన నేర్పే పాఠాలు జాగ్రత్తగా చూడండి. రాత్రి పడుకునే ముందు గుంటలో నిప్పులు పరిచి పైన మట్టి కప్పి దాని మీద పడుకుంటారు, జాన్సన్ మట్టి తక్కువ వేసి ఒళ్ళు కాల్చుకుని లేస్తాడు, ముసలాయన అది ముందే చూశాడు కానీ చెప్పలేదు, ఎందుకంటే కాలితేనే గుర్తుంటుంది. ఎల్క్ అంటే పెద్ద దుప్పి లాంటి జంతువు, దాని వేటప్పుడు గుర్రం చాటున నక్కి నడుస్తారు, మన కాళ్ళు కనపడవా అని జాన్సన్‌కి డౌటు, గుర్రానికి ఎన్ని కాళ్ళో ఎల్క్‌కి తెలియదు అంటాడు ముసలాయన. నేను చెప్పే చిట్కా ఏంటంటే వాళ్ళిద్దరూ విడిపోయే సీన్ దగ్గర పాజ్ చేసి ఇప్పటిదాకా జాన్సన్ ఏమేం నేర్చుకున్నాడో ఒక కాగితం మీద రాసుకోండి, తర్వాత సినిమాలో అతను మంట వేసేటప్పుడు, గుర్రం దిగేటప్పుడు, చెట్ల వైపు చూసేటప్పుడు ఆ కాగితం గుర్తు చేసుకోండి. ఎవరూ ఏమీ చెప్పరు కానీ మనిషి మారిపోయాడని అతని చేతులే చెప్తాయి.

తుపాకీ గురించి కూడా కొంచెం తెలియాలి. జాన్సన్ కోరుకునే హాకెన్ రైఫిల్ అంటే ఆ రోజుల్లో సెయింట్ లూయిస్‌లో హాకెన్ సోదరులు చేసిన తుపాకీ, కొండలకెళ్ళేవాళ్ళకి అది కల. జాన్సన్‌కి .50 క్యాలిబర్ కావాలి, అంటే అర అంగుళం గుండు, ఎలుగుబంటికి అదే సరిపోతుంది, కానీ దొరికింది .30. తర్వాత మంచులో గడ్డకట్టి చనిపోయిన హాచెట్ జాక్ అనే వేటగాడి చేతిలో .50 హాకెన్ దొరుకుతుంది, ఎవరికి దొరికితే వాళ్ళదే అని చీటీ కూడా రాసి పెట్టాడు పాపం. మన ఏజెన్సీ ఏరియాల్లో భర్మార్ తుపాకీ అంటారే, గొట్టం ముందు నుంచి మందు, గుండు కూరి ఊచతో దట్టించాలి, హాకెన్ కూడా అదే జాతి. ఒక్కసారి పేలిస్తే మళ్ళీ నింపడానికి అర నిమిషమన్నా పడుతుంది. రెండో సగంలో ఫైట్లు ఎందుకంత దగ్గరగా, కత్తులతో, చేతులతో, రొప్పుకుంటూ జరుగుతాయంటే దీనివల్లే.

మధ్య భాగంలో జాన్సన్‌కి అనుకోకుండా కుటుంబం ఏర్పడుతుంది. బ్లాక్‌ఫీట్ అనే తెగ దాడిలో పిల్లల్ని పోగొట్టుకుని మతి చెడిన ఒక తల్లి మిగిలిన కొడుకుని ఇతనికి అప్పగిస్తుంది, ఆ పిల్లాడు మాట్లాడడు, జాన్సనే కేలెబ్ అని పేరు పెడతాడు. తర్వాత ఫ్లాట్‌హెడ్ తెగ పెద్దకి తెలియక మరీ పెద్ద బహుమతి ఇచ్చేస్తాడు, ఆయన దానికి సాటిగా తన కూతురు స్వాన్‌నే ఇస్తాడు, కాదంటే అవమానం. ఆ తెగ వాళ్ళు దేవుడి ప్రార్థన చేస్తుంటే కన్ఫ్యూజ్ అవ్వకండి, వాళ్ళ అసలు పేరు సేలిష్, 1841లోనే కాథలిక్ మిషన్ వాళ్ళ దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ముగ్గురు మనుషులు ఒక ఇంట్లో, ఒకరి భాష ఒకరికి రాదు, ఒకడికి అసలు మాటే లేదు, కలిసి దుంగలు మోసి ఇల్లు కడతారు. ఈ ఇరవై నిమిషాల్లో డైలాగ్ కోసం ఎదురు చూడకండి. అతను గడ్డం గీసుకోవడం, ఆమె నవ్వడం, పిల్లాడు దగ్గరికి జరిగి కూర్చోవడం, అంతే, నాకు ప్రతిసారీ గొంతు పట్టేసేది ఇక్కడే.

తర్వాత సైనికులు వస్తారు. మంచులో ఇరుక్కుపోయి ఆకలితో ఉన్న బండ్లవాళ్ళని కాపాడాలి దారి చూపించు అంటారు, జాన్సన్‌కి ఇష్టం లేకపోయినా వెళ్తాడు. దారిలో క్రో వాళ్ళ శ్మశానం వస్తుంది. చుట్టూ తిరిగి వెళ్ళాలంటాడు, అంత టైం లేదంటారు వాళ్ళు, ఇతను ఒప్పుకుంటాడు. ఈ సీన్‌ని రెండు సార్లు చూడండి, సినిమా అంతా దీని మీదే తిరుగుతుంది. అప్పటిదాకా కొండ చెప్పింది వినడం నేర్చుకున్న మనిషి ఇక్కడ తెలిసి తెలిసి వినలేదు, పైగా చేసింది చెడ్డ పని కోసమూ కాదు, ఆకలితో ఉన్న మనుషుల కోసమే. తిరుగు దారిలో ఒక్కడే అదే చోటు దాటుతూ అక్కడి అస్థిపంజరాల మీద నీలం రంగు ఆభరణాలు చూస్తాడు, స్వాన్ పెట్టుకునేలాంటివే, అప్పుడు అతని ముఖం చూడండి. మాట లేదు. గుర్రాన్ని పరిగెత్తిస్తాడు. అప్పటికే ఆలస్యమైపోయింది.

ఇంట్లో క్రో వాళ్ళు చంపేసిన స్వాన్, కేలెబ్ శవాల పక్కన అతను కూర్చునే సీన్ పొడుగ్గా ఉంటుంది, ఫార్వర్డ్ చెయ్యొద్దు. ఇల్లు తగలబెట్టాక ఆ క్రో వాళ్ళని వెంటాడి చంపుతాడు, ఒకడు చావుపాట పాడుకుంటూ నిలబడితే వాడిని వదిలేస్తాడు, ఆ తర్వాత క్రో వీరులు ఒక్కొక్కరుగా వస్తూనే ఉంటారు. మన సినిమాల అలవాటుతో ఇక్కడ విజిల్ వెయ్యాలనిపిస్తుంది, కానీ డైరెక్టర్ సిడ్నీ పొలాక్ ఎక్కడా అలా తియ్యలేదు, ఒక్కో ఫైట్ అయ్యాక జాన్సన్ ఇంకాస్త అలిసిపోయి, ఇంకాస్త ఒంటరిగా కనిపిస్తాడు. బేర్ క్లా మళ్ళీ కలిసే సీన్లో ఇది ఏ నెల అన్నది కూడా వాళ్ళకి సరిగ్గా తెలియదు.

ఒక లోపం కూడా చెప్పాలి, సినిమా క్రో వాళ్ళని దూరం నుంచే చూపిస్తుంది, వాళ్ళ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో మనకి తెలియదు. వాళ్ళ అసలు పేరు అప్సాలుకే, ఈరోజుకీ మొంటానా దక్షిణాన వాళ్ళ రిజర్వేషన్, అంటే తెగకి కేటాయించిన భూమి ఉంది, 1876 లిటిల్ బిగ్‌హార్న్ యుద్ధంలో అమెరికా సైన్యానికి స్కౌట్లుగా, అంటే ముందు వెళ్ళి దారి, శత్రువు జాడ చూసేవాళ్ళుగా ఈ తెగవాళ్ళు కూడా పనిచేశారు. కాబట్టి సినిమా చూసి వాళ్ళంతే అనుకోవద్దు. చివరి షాట్లో పెయింట్స్ హిజ్ షర్ట్ రెడ్ దూరంగా గుర్రం మీద చెయ్యెత్తుతాడు, జాన్సన్ చెయ్యి ముందు తుపాకీ వైపే పోతుంది, తర్వాత అతనూ చెయ్యెత్తుతాడు. అది శాంతి అని కొందరు, వీడ్కోలు అని కొందరు అంటారు, నా వరకు అది ఒకరి పనితనాన్ని ఒకరు గుర్తించడం, ఎందుకంటే ఇతను చేప కూడా పట్టలేని రోజు చూసిన మనిషి ఆయనొక్కడే.

ఈ పాత్రకి ఆధారమైన అసలు మనిషి గురించి వెతికితే లివర్ ఈటింగ్ జాన్సన్ అని భయంకరమైన కథలు వస్తాయి, వందల మందిని చంపి కాలేయాలు తిన్నాడని, వాటిలో చాలావరకు కట్టుకథలే. రికార్డుల్లో ఉన్న జాన్ జాన్సన్ మొంటానాలోని రెడ్ లాడ్జ్‌లో పోలీసు పని చేశాడు, 1900 జనవరిలో లాస్ ఏంజెలిస్ దగ్గర మాజీ సైనికుల ఆశ్రమంలో చనిపోయాడు. 1974లో కాలిఫోర్నియాలోని లాంకాస్టర్ స్కూల్ పిల్లలు పట్టుబట్టి ఆయన అవశేషాల్ని కొండల దగ్గరికి, వ్యోమింగ్‌లోని కోడీకి మార్పించారు, శవపేటిక మోసినవాళ్ళలో రెడ్‌ఫోర్డ్ ఒకడు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇది పనికొస్తుంది. సమ్మర్‌లో అందరూ ఎల్లోస్టోన్ వెళ్తారు కదా, తూర్పు గేటు నుంచి బయటికొస్తే దాదాపు 50 మైళ్ళలో కోడీ, అక్కడ ఓల్డ్ ట్రైల్ టౌన్‌లో ఆ సమాధి ఉంది, పిల్లలకి పాత దుంగల ఇళ్ళు కూడా చూపించొచ్చు. సాల్ట్ లేక్ సిటీ వైపు వెళ్తే ప్రోవో దగ్గర సన్‌డాన్స్, టింపనోగస్ కొండ చూడండి, షూటింగ్ జరిగిన చోట్లలో అవీ ఉన్నాయి, సినిమా అంతా యూటాలోనే తీశారు, జయాన్ పార్క్ వైపు కూడా. సన్‌డాన్స్ వైపు వీలైతే చలికాలం చివర్లో వెళ్ళండి, చెట్ల మీద మంచు ఇంకా ఉంటుంది, కొమ్మ కింద నిలబడి పైకి చూస్తే అతని మంట ఎలా ఆరిపోయిందో తెలుస్తుంది.