అస్థికల బూడిదతో జ్ఞాపిక చేయించే ముందు

రెజిన్ (పోసాక గట్టిపడే పారదర్శక జిగురు) లాకెట్ అయినా, రంగులో కలిపి గీయించే బొమ్మ అయినా, ముందు ఇంట్లో అందరినీ అడగండి. కర్మ చేసినవాళ్లు, ఆడపడుచులు అందరూ సరేనన్నాకే మొదలుపెట్టండి. తర్వాత గొడవైతే, గట్టిపడిన రెజిన్‌లోంచి బూడిద వెనక్కి రాదు.

• ఒక చెంచాడు చాలు. నిమజ్జనానికి ముందే విడిగా తీసిపెట్టుకోండి. మిగతాది రాజమండ్రి కోటిలింగాల రేవులోనో, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదిలోనో కలపండి.

• అసలు చిక్కంతా చెమ్మతోనే. సంచయనం రోజు చితి మీద పాలు, నీళ్లు చల్లుతారు కదా, ఆ తడి ఎముక ముక్కల్లో ఉండిపోతుంది. పైగా కోనసీమలో వానాకాలం ఉప్పు జాడీలోనే నీరు కారుతుంది. తడి బూడిద పడితే ఎపాక్సీ రెజిన్ మసకబారుతుంది, బుడగలొస్తాయి. స్టీలు పళ్లెంలో పల్చగా పరిచి, పైన గుడ్డ కప్పి బాగా ఎండబెట్టండి. ఆరాక గట్టి మూత సీసాలో, సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి. ముసురు పట్టిందా, ఆగండి. తొందరేం లేదు.

• కట్టెల చితి అయితే బొగ్గు, కట్టె బూడిద కలిసే ఉంటాయి. తెల్లటి ముక్కలే ఏరండి. అయస్కాంతం తిప్పితే మేకులేమైనా ఉంటే అంటుకుంటాయి. కట్టె బూడిద తడిస్తే చేతులు మండుతాయి, గ్లోవ్స్ వేసుకోండి. నూరేటప్పుడు మాస్క్ తప్పనిసరి. వంటింటి మిక్సీ మాత్రం వద్దు.

• రెజిన్, దాన్ని గట్టిపరిచే హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఉన్నట్టే కొలవండి. ముందు పొయ్యి బూడిదతో ఒక ట్రయల్ వేసి చూడండి.

• బయట చేయిస్తే ఉన్నదంతా పంపేయకండి. మిగిలింది తిరిగిస్తారో లేదో ముందే అడగండి.