నెలలు నిండని బిడ్డను గుండెకు హత్తుకునే ముందు: జాగ్రత్తలు

37 వారాలు నిండకుండా పుట్టిన బిడ్డ ఇంటికి వచ్చాక తల్లిదండ్రులకు దక్కే పెద్ద సంతోషం కంగారూ సంరక్షణ, అంటే కంగారూ జంతువు తన పిల్లను సంచిలో దాచుకున్నట్టు బిడ్డను ఒంటికి ఒళ్లు తగిలేలా మీ ఛాతీపై పెట్టుకోవడం. వైద్యులు సరేనన్నాక, బిడ్డను ఎత్తుకునే ముందు ఇవి చూసుకోండి.

- ఉంగరం, గొలుసు, గడియారం తీసేసి, చేతులు సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్ది కడగాలి.
- మీకు జ్వరమో దగ్గో ఉంటే ముందుగా వైద్యుడిని అడగండి. పొగ వాసన వేసే బట్టలతో దగ్గరికి రావద్దు.
- బిడ్డకు డైపరు, టోపీ, మేజోళ్లు చాలు.
- అన్నిటికన్నా ముఖ్యం మెడ. బిడ్డను నిలువుగా, ఛాతీకి ఛాతీ ఆనేలా, కాళ్లు కప్ప కాళ్లలా మడిచి పెట్టుకోండి. తల పక్కకు తిరిగి, గడ్డం కాస్త పైకి ఉండాలి. గడ్డం వాలి ఛాతీకి ఆనితే ఊపిరి దారి మూసుకుపోతుంది. బిడ్డను మీ ఒంటికి ఆనించి చుట్టిన గుడ్డ పై అంచు బిడ్డ చెవి కిందే ఆగాలి. ముక్కు, నోరు మీకు ఎప్పుడూ కనిపించాలి.
- వెనక్కి వాలి కూర్చోండి. నిద్ర ముంచుకొస్తే బిడ్డను తన పడకలో వెల్లకిలా పడుకోబెట్టండి. సోఫాలో బిడ్డతో కునుకు తీయడం ప్రమాదకరం. ‘ఐదు నిమిషాలే కదా’ అనుకోవద్దు.
- గంటైనా కదలనక్కర్లేకుండా ముందే నీళ్లు తాగి, ఫోను మోగకుండా పెట్టుకోండి.
- తండ్రులూ, ఇందులో మీకూ వంతు ఉంది. వెచ్చదనం ఇవ్వడానికి పాలు అక్కర్లేదు!
- బిడ్డ ఒంటి వేడి 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. ఊపిరి ఆగి ఆగి వస్తున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు వాలిపోయినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.