ప్రాజెక్టు రిపోర్టులో పేరా రాయడం ఎలా?

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ చుట్టుపక్కల ఏ జిరాక్స్ షాపుకి వెళ్లినా, రిపోర్టులు ఇచ్చే రోజుల్లో పీజీ పిల్లలు బైండింగ్ కోసం వరసకట్టి కనిపిస్తారు. అట్ట నల్లగా నిగనిగలాడుతుంది, మీద బంగారు రంగు అక్షరాలు. లోపల తెరిస్తే రెండు పేజీలకి ఒకే పేరా, లేదంటే వాక్యానికో పేరా. ఇరవై ఏళ్లుగా ఇవే దిద్దుతున్నాను. మార్జిన్‌లో "ఇక్కడ పేరా మార్చు" అని రాసీ రాసీ వేలు కాయ కాచింది. ఒకసారి అంతా చెప్పేస్తే నాకూ తెరిపి.

గీతల కాగితాలు, పెన్సిల్, రబ్బరు చాలు. మొదటి ప్రతి చేత్తోనే రాయాలి, ఫోన్‌లో కాదు. ఫోన్‌లో మూడు వాక్యాలకే తెర నిండిపోతుంది. పేరా పెద్దదైపోయిందనుకుని ఎంటర్ కొట్టేస్తారు.

ముందు విషయాన్ని ముక్కలు చేయండి. మన జిల్లాలో కొబ్బరి, జీడి తోటలుండే ఉద్దానం మీద తిత్లీ తుపాను ప్రభావం మీ అంశం అనుకోండి. తుపాను ఎప్పుడు, ఎక్కడ తీరం దాటింది అన్నది ఒక చీటీ. కొబ్బరి ఒకటి, జీడి ఒకటి, కరెంటూ తాగునీరూ ఒకటి. చీటీకో పేరా. జరిగింది చెప్పేటప్పుడు చీటీల్ని కాలక్రమంలో పేర్చండి, ఎందుకు జరిగిందో చెప్పేటప్పుడు కారణం ముందు, ఫలితం తర్వాత. ఇందులో కష్టం ఏమీ లేదు.

తర్వాత మొదటి వాక్యం. పేరా ఏం చెప్పబోతోందో అందులోనే తేలాలి. "ఇప్పుడు కొబ్బరి గురించి చూద్దాం" అన్నది షాపు ముందు బోర్డు లాంటిది, లోపల ఏముందో చెప్పదు. "తిత్లీ దెబ్బ వరి రైతు కంటే కొబ్బరి రైతుని ఎక్కువ కాలం బాధిస్తుంది" అనండి. దీన్ని ఎవరైనా కాదనొచ్చు. కాదనడానికి వీలున్న మాటకే రుజువు కావాలి, రుజువు కోసమే పేరా. ఈ వాక్యం పన్నెండు మాటలు దాటకూడదు. తెలుగులో క్రియ చివర్లో వస్తుంది కదా, నాలుగు లైన్ల వాక్యం రాస్తే క్రియ దగ్గరికి వచ్చేసరికి కర్త ఎవరో మరిచిపోతాం. "అయితే" అని పేరా మొదలుపెట్టడం కూడా నేను ఒప్పుకోను. "పరిశీలింపబడినది", "గావించబడినది" లాంటివి చూస్తే మరీ ఒళ్లు మండుతుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పుట్టింది మన శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలోనే. కనీసం ఈ జిల్లా పిల్లలైనా అలా రాయకూడదు.

అసలు చిక్కంతా దీని తర్వాతే. నిదానంగా చదవండి.

మాట చెప్పాక పిల్లలు దాని పక్కన నాలుగు సంగతులు పడేసి పేరా ముగిస్తారు. ఇలా: "తిత్లీ దెబ్బ కొబ్బరి రైతుని ఎక్కువ కాలం బాధిస్తుంది. తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి చెట్లు పెద్ద ఎత్తున కూలాయి." రెండు సంగతులూ నిజమే. కానీ చెట్లు కూలితే బాధ ఎక్కువ కాలం ఎందుకుంటుంది? ఆ సంగతి రాసినవాడి మనసులో ఉంది, కాగితం మీదకి రాలేదు. "వరి పోతే వచ్చే ఏడాది మళ్లీ నాట్లు వేస్తారు. దేశవాళీ కొబ్బరి మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్లు పడుతుంది, అప్పటిదాకా ఆ చెట్టు మీద రూపాయి రాదు." ఈ రెండు వాక్యాలు చేరితేనే కూలిన చెట్టుకీ మొదటి మాటకీ ముడి పడుతుంది. తేదీ ఈ పేరాలో అక్కర్లేదు, అది మొదటి చీటీలోది.

మా అమ్మకి ఏ కబురు చెప్పినా "అయితే ఏటి?" అనేది. మీరు రాసిన ప్రతి సంగతి పక్కనా పెన్సిల్‌తో ఆ ప్రశ్న వేయండి. జవాబు ఆ పేరాలో లేకపోతే రాయండి. రాయడానికి ఏమీ తోచకపోతే ఆ సంగతి కొట్టేయండి, ఎంత కష్టపడి సేకరించినా సరే.

జవాబు పేరుతో చెప్పిందే చెప్పకండి. "దీన్నిబట్టి కొబ్బరి రైతులు నష్టపోయారని తెలుస్తోంది" అన్నది వివరణ కాదు, మొదటి వాక్యానికే చొక్కా మార్చడం. జవాబు హద్దు దాటినా తప్పే. సోంపేట వైపు ఒక ఊళ్లో పది ఇళ్లు తిరిగి "ఉద్దానం రైతులందరూ" అని రాస్తే వైవాలో, అంటే నోటి పరీక్షలో, దొరికిపోతారు. పది ఇళ్లు తిరిగితే ఆ పది ఇళ్ల మాటే చెప్పండి.

ఈమధ్య ఒకమ్మాయి పొందూరు ఖద్దరు మీద రాసింది. వాలుగ చేప దవడతో పత్తి ఏకడం గురించీ, నేతగాళ్ల కూలి గురించీ ఒకే పేరాలో పెట్టింది. "రెండూ పొందూరువే కదా సార్" అంది. ఊరు ఒకటైతే పేరా ఒకటవుతుందా? ఆమె మొదటి వాక్యం నూలు సన్నదనం గురించి. ఆ దవడ పళ్లు దువ్వెనలా పత్తిలోని చెత్త తీసి పోగుల్ని సర్దుతాయి, అందుకే వంద నంబరు లాంటి సన్న నూలు కూడా వడకగలుగుతారు. కాబట్టి దవడ అక్కడ ఉండాలి. కూలికి ఇంకో చీటీ.

పేరాకి సరిగ్గా ఐదు వాక్యాలుండాలని కోచింగ్ నోట్సుల్లో చెబుతారు, నమ్మకండి. ఆ లెక్క కోసమే పిల్లలు ఐదో వాక్యంగా "కావున ఇది ఎంతో ముఖ్యమైనది" అని తగిలిస్తున్నారు. "అయితే ఏటి?" అన్న ప్రశ్న ఆగిపోయిన చోట పేరా ఆగాలి. అది మూడు వాక్యాలకి కావచ్చు, తొమ్మిదికి కావచ్చు.

చివరికి ప్రతి పేరాలోనూ మొదటి వాక్యం మాత్రమే వరసగా చదవండి. అధ్యాయం సారాంశం వినిపించాలి. ఎక్కడైనా గతుకు తగిలితే చీటీలు అటూ ఇటూ మార్చండి. అప్పుడు టైపింగ్‌కి ఇవ్వండి. బైండింగ్ ఏ రంగులో చేయించుకుంటారో మీ ఇష్టం.