తలకు దెబ్బ తగిలినవాళ్ల ఎంఎంపీఐ: రెండు వెర్షన్లు ఎలా పోల్చాలి

బైక్ యాక్సిడెంట్‌లో తలకు దెబ్బ తగిలిన మనిషికి ఎంఎంపీఐ-2 (వ్యక్తిత్వం, మానసిక ఇబ్బందులు కొలిచే ప్రశ్నల పరీక్ష) చేయించారు, 1 (ఒంటి బాధల మీద అతి ఆందోళన), 3 (హిస్టీరియా), 8 (స్కిజోఫ్రీనియా) స్కేళ్లు పైకి లేచాయి. అది చూసి వెంటనే రిపోర్టులో హిస్టీరియా, స్కిజోఫ్రీనియా లాంటి మాటలు రాసేయకండి, దయచేసి. మతిమరుపు, తిమ్మిర్లు, నడిస్తే తూలడం, దేనిమీదా మనసు నిలవకపోవడం గురించిన ప్రశ్నలు ఆ స్కేళ్లలోనే ఉంటాయి, దెబ్బ తగిలినవాళ్లు వాటికి ఉన్నదున్నట్టే "అవును" అంటారు.

అందుకే ఎంఎంపీఐ-2 స్కోర్లని దాని తర్వాత వచ్చిన ఆర్ఎఫ్ (రీస్ట్రక్చర్డ్ ఫామ్) వెర్షన్ స్కోర్లతో పోల్చి చూడాలి. ముందుగా తెలుసుకోవాల్సింది, పోల్చడానికి పేషెంట్‌ని రెండుసార్లు కూర్చోబెట్టక్కర్లేదు. 2008లో వచ్చిన ఆర్ఎఫ్ వెర్షన్‌లోని 338 ప్రశ్నలూ 1989 నాటి ఎంఎంపీఐ-2లోని 567లోంచి తీసినవే కాబట్టి, 567 ఒక్కసారి పూర్తి చేయిస్తే అవే జవాబులతో రెండూ స్కోర్ చేయొచ్చు. 2020 నాటి ఎంఎంపీఐ-3లో మాత్రం కొత్త ప్రశ్నలు కలిశాయి, అది విడిగా చేయించాలి. 567 అంటే మామూలువాళ్లకే అలసట, మధ్యలో బ్రేకులు ఇవ్వండి, అవసరమైతే రెండు రోజులు తీసుకోండి.

స్కోర్లు రాగానే మొదట వీఆర్ఐఎన్, టీఆర్ఐఎన్ అనే నిలకడ స్కేళ్లు చూడండి. టీ స్కోరు (మామూలు జనం సగటు 50గా పెట్టి లెక్కించేది) 80 దాటితే జవాబుల్లో నిలకడ లేదని అర్థం, అక్కడితో ఆపేయండి.

ఇక అసలు చిక్కు. నంబరు ఒకటే కదా అని 3ని ఆర్ఎఫ్ కొత్త స్కేళ్లలోని ఆర్‌సీ3తో పోల్చేస్తారు చాలామంది. ఎంఎంపీఐ-2లో 3 అంటే హిస్టీరియా, ఆర్ఎఫ్‌లో ఆర్‌సీ3 అంటే మనుషుల మీద నమ్మకం లేకపోవడం, రెంటికీ పొత్తు లేదు. ఒంటి బాధలకైతే 1 పక్కన ఆర్‌సీ1 పెట్టండి, దానితో పాటు నరాల ఫిర్యాదులకు విడిగా ఉన్న ఎన్‌యూసీ స్కేల్ కూడా చూడండి. 8 బాగా ఎక్కువగా ఉండి ఆర్‌సీ8 (లేనివి కనబడటం, వినబడటం లాంటి వింత అనుభవాల స్కేల్) మామూలుగా ఉంటే, 8ని పైకి లేపినవి దెబ్బ లక్షణాలేమో అని అనుమానించాలి. అప్పుడు ఆ స్కేల్లో పేషెంట్ లక్షణం ఉందన్న ప్రశ్నల్ని ఒక్కొక్కటిగా తీసి సీటీ రిపోర్టు, న్యూరాలజిస్టు నోట్స్ పక్కన పెట్టి చదవండి. టైమ్ పడుతుంది, కానీ నా దృష్టిలో దెబ్బ లక్షణాల ప్రశ్నల్ని తీసేసి స్కోరు సరిచేసే ఏ కరెక్షన్ ఫార్ములా కన్నా ఇదే నమ్మదగింది.

పాత ఫైల్లో మొదటి ఎంఎంపీఐ దొరికితే జాగ్రత్త, దాంట్లో స్కేల్ ఎక్కువగా ఉందనడానికి హద్దు టీ స్కోరు 70, తర్వాతి వెర్షన్లకు 65.

అన్ని స్కేళ్లూ మామూలుగా వచ్చినా ఇంట్లోవాళ్లతో తప్పక మాట్లాడండి. మెదడు ముందుభాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరికి తమలో వచ్చిన మార్పే తెలియదు, కోపం ఎంత పెరిగిందో భార్యో, అమ్మో చెబితేనే బయటపడుతుంది.